చరిత్ర పరిశోధక మండలుల విద్యాసేవ

జగిత్యాల జిల్లాలో గోదావరీతీరమున కోటిలింగాల యను చిన్న గ్రామము కలదు. పెద్దవాగు గోదావరిలో కలియుచోట నున్న ఈ గ్రామమున పూర్వకాలపు పాటిదిబ్బ యొకటి యున్నది. వానలకు నేల కోసికొనిపోయినప్పుడు ఆ దిబ్బనుండి చిన్న నాణెములు, పూసలు, కుండపెంకులు బయటపడుచుండెడివి. మట్టి పట్టిన ఆ నాణెములు అంగడిలో చెల్లునవి కావు. అవి కంచరి కొలిమిలో కరగిపోయినను అడుగువా రుండరు. అయితే ధర్మపురి ప్రాంతపు చరిత్రాభిమాని యొకరు వాని విలువను గుర్తించి, ఓపికతో సేకరించి, పండితుల దృష్టికి దెచ్చిరి. శాసనపండితులైన పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిపై నున్న బ్రాహ్మీలిపిని చదివిరి. 1979 మొదలు 1983 వరకు ఆనాటి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖవారు వి. వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యమున అచ్చట త్రవ్వకములు జరిపిరి.

ఆ నాణెములపై గోభద, నారన, కంవాయ, సమగోప యను రాజుల పేర్లు కానవచ్చినవి. చరిత్రకారులు అంతకుముందు ఆ రాజుల నెరుగరు. శాతవాహన వంశమునకు మూలపురుషుడని పురాణములు చెప్పు శిముకుని నాణెములు గూడ అచ్చటనే లభించినవి. శాతవాహనుల తొలినాళ్ల చరిత్రలో తెలంగాణమునకు గల స్థానమును గూర్చి పండితులు మరల ఆలోచింపవలసి వచ్చినది.

ఈ వృత్తాంతమున ఒక విషయమును ముఖ్యముగా గమనింపవలెను. లిపిని చదువగల పండితుడు నగరమున నుండెను. చదువవలసిన నాణెము పల్లెలో బురదపాలై యుండెను. ఆ రెంటిని కలిపినవాడు, నాణెమును చూచి “ఇది పారవేయదగినది కాదు” అని తెలిసికొన్న స్థానికుడు. అట్టివాడు ప్రతి గ్రామమున ఉండవలెను. పురావస్తు శాఖలో ఎంతమంది ఉద్యోగులున్నను, వారు ప్రతి ఊరి చెరువుకట్టను, ప్రతి గుడిగోడను నిత్యము కనిపెట్టియుండ జాలరు. కావున ఊరివారి కన్నులకే ఆ చూపు నేర్పవలెను. అట్టి చూపు నేర్పుటయే చరిత్ర పరిశోధక మండలుల ముఖ్యమైన పని. శాసనములను ప్రకటించుట, సభలు జరుపుట, గ్రంథము లచ్చొత్తించుట ఇవన్నియు ఆ విద్యాసేవలోని భాగములే.

మన దేశమున ఇట్టి మండలులు ఇరువదియవ శతాబ్ది ఆరంభమున పుట్టినవి. మహారాష్ట్రమున రాజవాడె పండితుడు 1910వ సంవత్సరమున పుణె నగరమందు భారత ఇతిహాస సంశోధక మండలమును స్థాపించెను. తెలుగుదేశమున ఈ మార్గము త్రొక్కినవారిలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు ప్రథమ గణ్యులు. వారు 1877వ సంవత్సరమున పెనుగంచిప్రోలున జన్మించిరి. నాగపురమున చదువుకొని మరాఠీ భాషలో గూడ వ్యాసములు వ్రాయగల పాండిత్యము సంపాదించిరి. మునగాల సంస్థానమున దివానుగా నుండిరి. 1901వ సంవత్సరమున హైదరాబాదు నగరమందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినప్పుడు అందు ముఖ్యపాత్ర వహించిరి. ఆ గ్రంథాలయము నేటికిని విద్యార్థులకు ఉపకరించుచున్నది.

గ్రంథాలయమున్న చాలదు, అందుంచుటకు తెలుగున మంచి పుస్తకములు కావలెను. అందుకై 1906వ సంవత్సరమున హైదరాబాదుననే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడెను. ఆ కాలమున తెలుగు చదువుకొన్నవానికి కావ్యములు దొరకెడివి కాని, దేశచరిత్రయు ప్రకృతిశాస్త్రములును తెలుగున దొరకుట అరుదు. ఈ మండలి ఆ కొరతను తీర్ప బూనెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము ఈ మండలివారి తొలి ప్రకటనము. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమ భాగము 1910వ సంవత్సరమున ఈ గ్రంథమాలలోనే వెలువడెను. మండలివారు పుస్తకములు ప్రకటించి ఊరకుండక, పరీక్షలు గూడ జరిపి యోగ్యులకు బహుమతు లిచ్చిరి. బడికి పోవు వీలు లేనివారు సైతము ఇంటియొద్ద చదువుకొని చరిత్ర నేర్చుట కిది మంచి మార్గమయ్యెను.

నిజాము రాష్ట్రమున ఈ కృషికి మరియొక కారణము గూడ తోడయ్యెను. ఆ కాలమున రాష్ట్ర ప్రజలలో తెలుగువారే ఎక్కువ. అయినను రాజకార్యములందును పై చదువులందును ఉర్దూ భాషకే ప్రాధాన్యము. 1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదున జరిగిన ఒక సంఘ సంస్కార సభలో ఒక వక్త తెలుగున ఉపన్యసింప బూనగా, సభికులు కొందరు అల్లరి చేసి ఆయనను మాటలాడనీయలేదు. సభలో నున్న తెలుగువారు ఆ యవమానమును సహింపజాలక, వెంటనే సమావేశమై ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. తమ భాషకు గౌరవము కావలెనన్న, తమ పూర్వులెవరో, ఏమి చేసిరో ముందు తాము తెలిసికొనవలెనని ఆ పెద్దలు గ్రహించిరి. కావుననే 1922వ సంవత్సరమున చరిత్ర పరిశోధనకై ప్రత్యేకముగా ఒక సంఘమేర్పడెను. 1923వ సంవత్సరమున లక్ష్మణరావుగారు స్వర్గస్థులు కాగా, ఆ సంఘమునకు లక్ష్మణరాయ పరిశోధక మండలి యని పేరిడిరి. ఆదిరాజు వీరభద్రరావుగారు దాని కార్యదర్శిగా నుండి ఎనలేని సేవచేసిరి.

అదే 1922వ సంవత్సరమున రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి యారంభమయ్యెను. రాజరాజనరేంద్రుడు సింహాసన మెక్కి అప్పటికి తొమ్మిదివందల యేండ్లు నిండినవి. ఆ సందర్భమున మండలివారు పట్టాభిషేక సంచికను ప్రకటించిరి. అటుతరువాత కళింగ, కాకతీయ, రెడ్డి రాజ్యములను గూర్చి గూడ సంచికలు వెలువరించిరి. గోదావరికి దిగువను రాజమహేంద్రవరమునను, మూసీతీరమున హైదరాబాదునను ఒకే యేట ఇట్లు తెలుగువారు తమ చరిత్రను వెదకుటకు బూనుట గమనింపదగినది.

లక్ష్మణరాయ పరిశోధక మండలివారు తెలంగాణమున శాసనముల నకళ్లు సేకరించి, చదివించి, 1935వ సంవత్సరమున “తెలంగాణా శాసనములు” అను సంపుటమును ప్రకటించిరి. రెండవ సంపుటము 1960వ సంవత్సరమున వెలువడెను. నాడు బస్సులు, మంచి దారులు తక్కువ. మారుమూల గ్రామములందు శాసనమున్నదని ఆ ఊరివారు తెలుపనిదే పట్టణమున నున్నవారికి తెలియదు. కావున ఆ సంపుటములోని ప్రతి పుట వెనుకను, శిల యున్న చోటును చూపిన గ్రామస్థుని మేలు కూడ ఉన్నదని మనము గుర్తుంచుకొనవలెను.

శాసనపు నకలు తీయుట ఎట్లో తెలిసికొన్నచో ఆ పని యెంత నేర్పుతో గూడినదో తెలియును. మొదట శిలపై నున్న దుమ్మును, నాచును నీటితోడను మెత్తని కుంచెతోడను పోగొట్టవలెను. ఇనుపముక్కతో గీకరాదు. పిమ్మట పలుచనై గట్టిగానుండు కాగితమును తడిపి శిలపై పరచి, బిరుసు కుంచెతో అంతటను సమముగా తట్టవలెను. కాగితము అక్షరముల గుంటలలోనికి దిగును. అది కొంత ఆరిన తరువాత, సిరా నంటించిన గుడ్డయుండతో పైపైన అద్దవలెను. అప్పుడు శిలయొక్క మిట్టభాగము నల్లనగును. గుంటలలోని అక్షరములు తెల్లగా నిలుచును. పూర్తిగా ఆరిన పిదప కాగితమును మెల్లగా ఊడదీసినచో శాసనమంతయు చేతికి వచ్చును. సిరాను కాగితపు పైవైపున అద్దుటచేత అక్షరములు కుడియెడమలు మారక ఉన్నవి యున్నట్లే కనబడును. ఈ పనిని అనుమతి పొంది, శిక్షణ పొందినవారే చేయవలెను. తొందరపడినచో శిలకును నష్టము, నకలునకును నష్టము.

శిలపై వ్రాత నేత్రమునకు కనబడినంత మాత్రమున అర్థము కాదు. ఇందుకు కురిక్యాల చక్కని నిదర్శనము. కరీంనగరు జిల్లా గంగాధర మండలమున నున్న ఈ గ్రామమున ఒక గుట్టపై జైన విగ్రహములు చెక్కబడియున్నవి. బొమ్మలుండుటచేత ఊరివారు దానిని బొమ్మలగుట్ట యని పిలిచిరి. బొమ్మల క్రింద నున్న అక్షరములను తెలిసినవారు చదివినపుడు, అది పదియవ శతాబ్ది మధ్యభాగమున జినవల్లభుడు వ్రాయించిన శాసనమని తెలిసెను. జినవల్లభుడు కన్నడమున ఆదికవి యనబడు పంపకవికి తమ్ముడు. పంపకవి వేములవాడ చాళుక్యరాజైన రెండవ అరికేసరి యాస్థానమున నుండెను. ఆ శాసనమున సంస్కృతము, కన్నడము, తెలుగు మూడు భాషలును కలవు. అందు తెలుగున మూడు కందపద్యములు కలవు. నన్నయభట్టుకు రమారమి నూరేండ్లు ముందే ఈ నేలపై కందపద్యము వ్రాయబడెనని ఆ గుట్ట సాక్ష్యమిచ్చుచున్నది. గుట్ట పేరును కాపాడినవారు గ్రామస్థులు. గుట్ట మాటను వినిపించినవారు పండితులు. ఈ ఇరువురిలో ఒకరు లేకున్నను కథ పూర్తి కాదు.

చరిత్ర మండలి నేర్పు రెండవ పాఠము, సాక్ష్యమును తూచుట. జగిత్యాలకు దగ్గరనున్న పొలాసయే ఇందుకు ఉదాహరణము. పౌలస్తేశ్వరాలయమున్న ఈ గ్రామము పూర్వము పొలవాస యను రాజ్యమునకు రాజధాని. కాకతి రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభముల గుడిలో 1163వ సంవత్సరమున వేయించిన శాసనమందు, తాను మేడరాజును ఓడించి పొలవాస దేశమును గైకొంటినని చెప్పబడియున్నది. ఇది గెలిచినవాని మాట. ఓడినవాడు ఎట్టివాడో, ప్రజల నెట్లు పాలించెనో ఆ శాసనము చెప్పదు. దానిని తెలిసికొనవలెనన్న పొలాస పరిసరములందలి శిలలను, గుడులను, చెరువులను వెదకవలెను. ఒక శిల పోయిన, ఓడినవాని పక్షమున మాటలాడు సాక్షి పోయినట్లే.

ఊరి పేర్లను గూర్చిన కథలు గూడ ఇట్లే పరిశీలింపదగినవి. జగిత్యాల కోటను 1747వ సంవత్సరమున ఫ్రెంచి ఇంజనీర్లు కట్టిరనియు, జాక్, తాల్ అను వారిద్దరి పేర్లు కలిసి జగిత్యాల యయ్యెననియు కొందరందురు. పొలాస నేలిన జగ్గదేవుని పేరే ఊరి పేరునకు మూలమని మరికొంద రందురు. వినుటకు రెండును బాగుగనే యున్నవి. వీనిలో నిజమేదో తేల్చుట యెట్లు? కోట కట్టుటకు పూర్వపు పత్రమునందుగాని శాసనమునందుగాని ఆ ఊరి పేరు కనబడినచో, మొదటి కథ నిలువదు. అట్టిది కనబడనంతవరకు “ఇట్లని చెప్పుకొందురు” అని వ్రాయవలెనే కాని, “ఇది నిజము” అని వ్రాయరాదు. ఈ నియమమును పాటించు బాలుడు చరిత్రయందే కాక లోకవ్యవహారమునందును మోసపోడు.

విద్యార్థులారా! ఈ విద్యను మన పాఠశాలలయందే నేర్చుకొనవచ్చును. సారంగాపూరు ప్రాంతమునే తీసికొందము. జగిత్యాల పట్టణమునకు చేరువనున్న ఈ మండలమున పెంబట్ల గ్రామపు దుబ్బ రాజన్న ఆలయము జనులెరిగినది. పూర్వము ఈ మండలములోనే యుండి, ఇప్పుడు వేరు మండలమైన బీర్పూరున నరసింహస్వామి ఆలయము కలదు. గోదావరి యొడ్డున ధర్మపురి యున్నది. ఇట్టిచోట ఒక పాఠశాలలో పదిమంది బాలబాలికలు ఒక ఉపాధ్యాయుని సాయముతో చిన్న చరిత్ర మండలి నేర్పరచుకొన్న, ఏడాది పొడవునను వారికి పని యుండును.

మొదటిపని పేర్లు సేకరించుట. ప్రతి చెరువునకు, కుంటకు, వాగునకు, చేనికి, గుట్టకు ఊరివారు పెట్టుకొన్న పేర్లుండును. దుబ్బ యనగా ఈ ప్రాంతమున మెత్తని మట్టినేల. దుబ్బ రాజన్న కా పేరెట్లు వచ్చెనో పెద్దల నడిగి వ్రాసికొనవలెను. చెప్పినవారి వయస్సు, చెప్పిన తేది, వారు ఎవరివలన వినిరో ఆ వివరము కూడ చేర్చవలెను. ఇద్దరు రెండు విధములుగా చెప్పినచో రెండును వ్రాయవలెను. తనకు నచ్చినదానిని ఉంచి రెండవదానిని కొట్టివేయరాదు.

రెండవపని చూచి వ్రాయుట. గుడి ముందట నిలిచిన నాగశిల, చెరువుకట్టపై వీరుని బొమ్మ గల రాయి, పొలము గట్టున పడియున్న స్తంభము, వీని పొడవు వెడల్పులు కొలిచి, ఏ దిక్కునకు ముఖము పెట్టియున్నవో, సమీపమున నేమి యున్నదో వ్రాసి బొమ్మ గీయవలెను. అక్షరములున్న శిలను ఛాయాచిత్రము తీయునపుడు నడిమధ్యాహ్నము తీసిన గుంటలు కనబడవు. ఉదయమునగాని సాయంకాలమునగాని ఏటవాలుగా ఎండ పడునప్పుడు తీసినచో అరిగిన అక్షరములు సైతము నీడవలన తేటపడును. ఇందుకు పెద్ద యంత్రము లక్కరలేదు; ఇంటనున్న చేతిఫోనే చాలును.

మూడవపని పోల్చి చూచుట. కరీంనగరు జిల్లా శాసనముల సంపుటమును ప్రభుత్వ పురావస్తు శాఖవారు 1974వ సంవత్సరమున ప్రకటించిరి. 2016వ సంవత్సరము వరకు జగిత్యాల ప్రాంతము కరీంనగరు జిల్లాలోనిదే కావున మన శాసనములు గూడ అందులో వెదకవలెను. తమ ఊరి శిల అందు చేరినదా, లేదా? చేరినచో నాడు చదివిన పంక్తులన్నియు నేడును నిలిచియున్నవా? చేరనిచో పురావస్తు శాఖకు వెంటనే తెలుపవలెను. కరీంనగరునందలి పురావస్తు ప్రదర్శనశాలను ఒకమారు చూచి వచ్చిన, శిల్పముల కాలమును రూపమునుబట్టి గుర్తించు నేర్పు కొంత యలవడును.

చేయదగిన పనులతోపాటు చేయరానివియు కలవు. శాసనముపై రంగు పూయరాదు; సున్నము కొట్టరాదు. అక్షరములను సుద్దతో దిద్దరాదు. దిద్దినవాని యూహయే శాసనపు మాటగా చలామణియగును. శిలను ఉన్నచోటునుండి కదల్పరాదు. చోటు మారిన, అది యే పొలమును, ఏ గుడిని గూర్చి చెప్పెనో తెలియకుండును. నిధి కలదని త్రవ్వరాదు. భూమిలో నాణెములు దొరకినచో దాచుకొనక, అమ్ముకొనక ప్రభుత్వాధికారులకు తెలుపవలెనని చట్టము విధించుచున్నది. నాణెము దొరకిన చోటును, లోతును, తోడుగా దొరకిన పెంకులను వ్రాసియుంచినప్పుడే ఆ నాణెము చరిత్ర చెప్పును. చేతులు మారి అంగడి చేరిన నాణెము నోరులేనిదగును.

ఈ పనికి ఆలస్యము తగదు. కరీంనగరు ప్రాంతపు గుట్టలలోని గ్రానైటు రాయి దూరదేశములకు పోవుచున్నది. గుట్ట తరిగిపోయినప్పుడు దానిపై నున్న బొమ్మయు అక్షరమును దానితోనే పోవును. పాతగుడి విప్పి క్రొత్తగుడి కట్టునపుడు భక్తితోనే చేసినను, వ్రాతగల బండ పునాదిలో చేరిపోవచ్చును. గోదావరిపై కట్టిన శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు వెనుకనీరు కోటిలింగాల తీరమువరకు వ్యాపించియున్నది. జలాశయము వద్దనరాదు, ఇల్లు కట్టవద్దనరాదు. పొలమునకు నీరు, మనిషికి నీడ కావలసినవే. అయితే పనికి ముందు ఒక్కదినము ఆగి, చూచి, కొలిచి, నకలు తీసియుంచుట సాధ్యమే కదా! శిల పోయినను నకలు నిలిచినచో మాట నిలుచును. రెండును పోయిన, ఆ మాట మరల పుట్టదు.

కోటిలింగాల నాణెములు ఏరినవారికిని, పల్లెలలో శాసనముల జాడ తెలిపినవారికిని జీతములు లేవు, పదవులు లేవు. వారికి ఉండినది శ్రద్ధ. ఊరి గుడిముందట నిలిచిన రాతిని ప్రతిదినము చూచుచు పోవు బాలుడు, ఒకనాడు ఆగి దానిపై గీతలున్నవని గమనించి, ఉపాధ్యాయునికి చెప్పినచో, అతడు చదువుకొన్న చరిత్రపాఠము ఫలించినట్లే.